మరోదా డ్యాంలో తెప్ప

ఆదివారం, పొద్దున ఆరుంపావు. ఉక్కు ప్లాంటు భోంగా, అంటే సైరను, కూసి సరిగ్గా పావుగంట. ఏ నెల, ఏ సంవత్సరం అని మాత్రం అడక్కండి. అప్పటికి నాకు తారీఖులు చదవడం రాదు. భోంగా వినడం వచ్చు, వారాలు లెక్కపెట్టడం వచ్చు. ఆ రెండింటితోనే ఈ భిలాయిలో ముప్పై ఏళ్ళు వెళ్ళదీశాను. అక్షరాలు ఆ తరువాతి సంగతి.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం మా మనవరాలి బడి. మొన్న పిలిస్తే వెళ్ళాను. పిల్లలకు మన తీరం గురించి, పడవల గురించి బొమ్మలతో, పాటతో, నాటకంతో నేర్పుతున్నారు. ఇక్కడి తెలుగు పిల్లల్లో సగం మంది తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఈ పిల్లలు మాత్రం సముద్రాన్ని ఫోనులో తప్ప చూడలేదు. గోడనిండా నీలం రంగు వేశారు. అట్టముక్కలతో చేపలు కోసి వేలాడదీశారు. బాగానే ఉంది. ఒక బల్లమీద ఐస్‌క్రీం పుల్లలు గమ్ముతో అతికించి తెప్ప చేసి పెట్టారు.

"దీన్ని ఎలా ఇప్పుతారు?" అని అడిగాను.

"ఇప్పడమేంటి నానీ?" అంది ఒక పిల్ల. "పక్కా చిపకాయా హై. టూటేగా నహీ." గట్టిగా అతికించాం, ఊడదు అని.

"ఇప్పడం రాకపోతే అది తెప్ప కాదు, పీట," అన్నాను.

వాళ్ళ టీచరు మొహం చిన్నబోయింది. మెత్తగా చెప్పడం నాకు ఏ వయసులోనూ చేతకాలేదు. ఆ అమ్మాయి మంచిది. కోపం తెచ్చుకోకుండా, "అయితే ఎందుకు ఇప్పాలో మీరే రాసివ్వండి అమ్మమ్మా, పిల్లలకు చదివి వినిపిస్తాను," అంది. రాస్తున్నాను.

అప్పుడు నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. మరోదాకి అంచున, డ్యాం గట్టు దాటితే మా పాకలు. ఇప్పుడు అక్కడ ఒక్క పాకా లేదు. పొద్దున్నే ఇంటింటా సిగిడీలు, అంటే బొగ్గు కుంపట్లు, రాజేసి బయట పెట్టేవాళ్ళు. ఆ పొగలో ఎదుటి మనిషి కనిపించేవాడు కాదు, దగ్గు విని పోల్చుకునేవాళ్ళం. మా అయ్య ప్లాంటులో ఖలాసీ. పెద్ద పెద్ద బరువులకు తాళ్ళు కట్టి పైకెత్తే పని. సముద్రం ఒడ్డున పుట్టినవాడు కాబట్టి ముడులు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. తరవాత తాళ్ళు పోయి ఇనప తాళ్ళు వచ్చాయి. అయ్య వాటికి అలవాటు పడిపోయాడు. ఒడ్డు మాట ఇంట్లో ఎత్తేవాడు కాదు. ఎత్తితే అన్నం మధ్యలో లేచిపోయేవాడు.

ఎండాకాలం మొదట్లో మా తాత గురించి కబురొచ్చింది. తాత అంటే అయ్యని కన్న తండ్రి. మామ్మ పోయాక ఒక్కడే ఉంటున్నాడు. కళ్ళకు పొర వచ్చింది. ఆ కళ్ళతోనే ఒంటరిగా తెప్ప వేసుకెళ్ళి, ఒడ్డు ఎటో తెలియక రెండు రోజులు నీళ్ళమీద తిరిగాడు. పక్క పల్లె వాళ్ళు చూసి లాక్కొచ్చారు. "మళ్ళీ ఎల్తే శవం కూడా దొరకదు, మీ ముసిలోణ్ణి వొచ్చి అట్టుకుపోండి" అని చెప్పి పంపారు.

అయ్య వెళ్ళి తీసుకొచ్చాడు. తాత ఒక కొబ్బరి తాడు చుట్టతో, ఒక మూట ఎండు నెత్తళ్ళ చేపలతో దిగాడు. ఆ వాసనకి రైల్లో వాళ్ళ చుట్టుపక్కల బల్లలన్నీ ఖాళీ అయిపోయాయట. దారంతా కాళ్ళు చాపుకుని పడుకొచ్చామని అయ్య చెప్పాడు. ఆ సాయంత్రం అమ్మ నెత్తళ్ళు చింతపండేసి పులుసు పెట్టింది. పక్క పాకలో ఉండే ఛత్తీస్‌గఢీ వాళ్ళు ముక్కులు మూసుకుని తలుపేసుకున్నారు. వాళ్ళ పిల్ల మాత్రం వెనక నుంచి వచ్చి రెండు గిన్నెలు తాగింది. ఆ పిల్లే నా జతగత్తె. తెల్లారితే నేను వాళ్ళింటికి వెళ్ళి బాసీ తినేదాన్ని. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, ఉప్పూ ఉల్లిపాయా వేసుకుని తినడమే బాసీ. మేము చద్దన్నం అనేవాళ్ళం. పేరు మారిస్తే రుచి ఎక్కువ అనిపించేది.

తాత మాత్రం తినేవాడు కాదు. డ్యాం గట్టు మీద కూర్చునేవాడు.

"ఆ నల్లగా అడ్డం ఉన్నాదేటే? కొండా?"

"అవతల ఒడ్డు తాతా."

"అవతల ఒడ్డు కనిపించేది గోలెం. నీళ్ళు కాదు." ఆ తరవాత రోజూ అడిగే మాట, "దుర్గు టేసను కాడ మనూరి బండి ఎన్నింటికే?"

ఆ మాట వింటే అమ్మకి భయం. అక్కడికి వెళ్తే తాత నీళ్ళలోకి దిగుతాడు, ఈసారి తిరిగి రాడు. చిన్న గుంటని, పిల్లని, నాకే ఆ సంగతి తెలుసు. పంచెలు మూట కట్టుకుంటే అమ్మ తీసి బియ్యం డబ్బా వెనక దాచేది. తాత వెతికి మళ్ళీ కట్టుకునేవాడు.

మా పాకల దగ్గరే రేకుల షెడ్డులో తెలుగు బడి ఉండేది. నేను బడి పిల్లని కాను. తమ్ముణ్ణి చంకనేసుకుని కిటికీ బయట నిలబడి వినేదాన్ని. టీచరమ్మ రైల్వే ఉద్యోగుల ఇంటి మనిషి, మెడలో చిన్న సిలువ ఉండేది. ఒకరోజు పాఠంలో సముద్రం వచ్చింది. "సముద్రం అంటే ఏమిటి?" అని అడిగింది. ఒకడు "మరోదా డ్యాం" అన్నాడు. ఒకతె "సెక్టారు క్వార్టర్సులో పెద్ద నీళ్ళ ట్యాంకీ" అంది. ఇంకొకడు లేచి "ఉప్పయిపోయిన నీళ్ళు టీచర్, పారబోసీడమే" అన్నాడు. టీచరమ్మ నవ్వి, "ఎవరైనా చూశారా?" అంది.

"మా తాత చూశాడు," అని కిటికీలోంచి అరిచాను.

"నువ్వెవరివి?"

"నానెవర్నీ కాను. బయటుంటాను."

ఆ సాయంత్రమే ఆవిడ గట్టు మీదకి వచ్చి తాత పక్కన కూర్చుంది. "మా పిల్లలకి మీ సముద్రం చెప్తారా?" అని అడిగింది.

"నాకు అచ్చరం ముక్క రాదమ్మా. బడిలో నానేటి సెప్తాను?"

"నాకు అక్షరాలు వచ్చు గాని నేనూ సముద్రాన్ని చూడలేదు. ఇద్దరం కలిస్తే ఒక మాస్టారు అవుతాం."

తాత నవ్వాడు. భిలాయి వచ్చాక అదే మొదటిసారి.

మర్నాటి నుంచి తాత చెయ్యి పట్టుకుని బడికి నడిపించే పని నాది. అలా బయట ఉండేదాన్ని లోపలికి వచ్చాను, నా వెంట నా జతగత్తె కూడా. తాత పాఠం చెప్పలేదు. మొదటిరోజు అందరినీ కళ్ళు మూసుకోమన్నాడు. సగం మందిని ఊపిరి లోపలికి లాగమన్నాడు, సగం మందిని బయటికి వదలమన్నాడు. మళ్ళీ మార్చాడు. ఆ రేకుల షెడ్డులో ఆ చప్పుడు అలలాగే లేచి పడింది. ఒకడు మధ్యలో తుమ్మితే, "అది తిమింగలం," అన్నాడు తాత.

రెండోరోజు గోడమీద బొగ్గుతో ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే గీత గీయమన్నాడు. "ఇదే సముద్రం. దీని అవతల ఏటుందో గియ్యండి." ఎవరికి తోచింది వాళ్ళు గీశారు. ఎక్కువమంది పొగగొట్టాలే గీశారు. పాపం, వాళ్ళకు తెలిసిన ఆకాశం అదే. డ్యాం బురద తెచ్చి చేపలు చేయించాడు. వంజరం, సావడాయి, కానాగడత. తోక ఎటు తిరగాలో వేళ్ళతో తడిమి చెప్పేవాడు. నా జతగత్తె ఏం చేసినా డ్యాంలో దొరికే రోహు చేపే అయ్యేది. "దీదీకి ఒకటే చేపొచ్చు," అని పిల్లలు ఏడిపించేవాళ్ళు. అది మూతి తిప్పి, "మోర్ మఛరీ ఖాయే కే ఆయ్, తుమ్హర్ దేఖే కే," అనేది. నా చేప తినడానికి, మీవి చూడ్డానికి అని.

ఇసక కావాలన్నాడు తాత. ఇసక ఎక్కడిది? కొలిమిలో ఇనుము తీయగా మిగిలిన బూడిదరంగు గుల్ల చెత్తని స్లాగు అంటారు. బళ్ళకొద్దీ పడి ఉండేది. అదే తెచ్చి షెడ్డు నిండా పోశాం. కాళ్ళకు గుచ్చుకునేది. దానిమీద అమ్మల చీరలు కలిపి వల చేసి, రెండు వరసల్లో నిలబడి లాగేవాళ్ళం. లాగేటప్పుడు తాత "ఐలెసా" అని నేర్పితే, పిల్లలు వాళ్ళ అయ్యలు ప్లాంటులో అరిచినట్టు "హైస్సా" అన్నారు. తాత ఆగిపోయాడు.

"ఇది మీకెవలు నేర్పినార్రా?"

"మా బాప్. బరువెత్తేటప్పుడు అంటారు."

"ఒడ్డుని ఇక్కడికి మోసుకొచ్చీసి, లేదంటారేటి మీ అయ్యలు," అన్నాడు. ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు. బండి ఎన్నింటికని అడగలేదు.

వానలకు ముందు బడి పండగ. డ్యాంలో నిజం తెప్ప వేద్దామని టీచరమ్మ అంది. తాత జామూల్ వైపు నుంచి వచ్చే కట్టెల బళ్ళ దగ్గర గంటలకొద్దీ కూర్చుని, దుంగ దుంగనీ గోటితో కొట్టి విని, ఐదు బూరుగు దుంగలు ఏరాడు. ఎండబెట్టాడు. చెక్కాడు. తన కొబ్బరి తాడుతో కట్టాడు. నా చేత కూడా ముడి వేయించాడు. మేకు ఒక్కటి లేదు. "అలొచ్చినప్పుడు దుంగ కదలాల. పక్క దుంగ మీద ఒరగాల. తాడుకి నీళ్ళు తగిలితే అదే బిగుస్తాది. ఒడ్డుకొచ్చినాక ఇప్పీసి, దేనికది ఎండలో ఆరెయ్యాల. అలా ఆరేస్తే పదేళ్ళు తేల్తాది."

శనివారం మధ్యాహ్నం తాత బడిలో ఉండగా అయ్య ఒక పని చేశాడు. ఫిట్టరు పని చేసే ఆయన ఎవరి దగ్గరో పట్టీలు అడిగి తెచ్చి, తాత కట్టిన తాళ్ళు కోసేసి, ఐదు దుంగలకీ రెండు చివరలా ఇనప పట్టీలు వేసి, నట్లు బోల్టులు బిగించేశాడు. ఊరు ఊరంతా ఉక్కు చేసేవాళ్ళం. గట్టిగా ఉండాలంటే ఇంకేం తోస్తుంది? చూడ్డానికి వచ్చిన మగవాళ్ళందరూ "ఏక్‌దమ్ మజ్బూత్" అని మెచ్చుకున్నారు.

సాయంత్రం తాత వచ్చి, అలవాటుగా దుంగల మీద చెయ్యి వేశాడు. చెయ్యి బోల్టు తల మీద ఆగింది.

"ఇదేటి?"

"పట్టీలయ్యా. ఇంక ఏనుగెక్కినా కదల్దు," అన్నాడు అయ్య.

"నానడిగినానా?"

"గుంటలెక్కుతారు. నా గుంటెక్కుతాది. తాడుని నమ్మి ఒగ్గీడానికి నాకు ధైర్యం నేదు."

"నిన్ను సాకింది ఆ తాడేరా."

"మా అన్నని ముంచింది కూడా ఆ తాడే."

అయ్యకి ఒక అన్న ఉండేవాడని నాకు అప్పుడే తెలిసింది. అమ్మ సిగిడీ దగ్గర విసనకర్ర ఆపేసింది. తాత తడుముకుంటూ లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి మూట తీసుకున్నాడు. అదెక్కడుందో మొదట్నుంచీ తెలుసు కాబోలు. తల కింద పెట్టుకుని పడుకున్నాడు. "పొద్దున బండికి ఎల్లిపోతాను," అన్నాడు. అయ్య డ్యూటీకి వెళ్ళిపోయాడు, రాత్రి షిఫ్టు.

నాకు తోచింది ఒకటే. ఆ బోల్టులు లేకపోతే తాత వెళ్ళడు. చిన్నపిల్ల బుర్ర, అంతే ఆలోచించింది. తెల్లవారుతుండగా అయ్య పెట్టెలోంచి పానా దొంగిలించి నా జతగత్తెని లేపాను. అది ఎందుకని అడగలేదు. ఇద్దరం ఆ పానాకి వేలాడి, కాళ్ళతో తన్ని, ఒక్కొక్క నట్టూ విప్పాం. నా బొటనవేలి గోరు ఊడింది. పట్టీలు డ్యాంలోకి విసిరేశాం. అవి మునిగిన చప్పుడు భలే హాయిగా ఉండింది. తాత దగ్గర మిగిలిన తాడు తెచ్చి కట్టడం మొదలుపెట్టాను. ఎలా కట్టినా దుంగలు జారిపోతున్నాయి. ఏడుపొస్తోంది. అప్పుడే భోంగా కూసింది.

పావుగంటకి గట్టు ఈ పక్క నుంచి తాత, చంకన మూట, దుర్గు బస్సుకి. వెనకాల తమ్ముణ్ణి ఎత్తుకుని అమ్మ, "మావా, గంజైనా తాగి ఎల్లు మావా," అని బతిమాలుతూ. ఆ పక్క నుంచి అయ్య, రాత్రి షిఫ్టు దిగి, సైకిలు మీద.

అయ్యే ముందు చూశాడు. "నా పానా! పట్టీలేవే?"

"నీళ్ళల్లో."

చెయ్యెత్తాడు. తాత గొంతు వినిపించింది. "ఒగ్గీరా దాన్ని." తాత గట్టు దిగి వచ్చి, నా ముడి తడిమాడు. "ఇది ముడా? జడేస్తన్నావేటే?" అని కోపంగా అని, మూట పక్కన పెట్టాడు. కానీ ముడి విప్పలేదు. చేతులు అక్కడే ఉంచి, అయ్య వైపు తిరిగి చెప్పాడు.

"ఆయాల తాడు తెగనేదు. నీకు సెప్పనేదు గాని, తెగనేదు. ముందురోజు వల నిండింది. ఇప్పి ఆరేస్తే ఒక రోజు పోతాదని తెప్పని అలాగే ఒగ్గీసినాను. మర్నాడు తడి దుంగల మీదే మీ అన్నని పంపినాను. నీళ్ళు తాగిన దుంగలు. అలొచ్చినాక పైకి లెగనేదు. తాడు మంచిదే. నాదే ఆశ."

అవతల ప్లాంటు ఆవిరి వదులుతోంది. అయ్య ఇంటికి పోతాడనుకున్నాను. తాతని కొడతాడేమో అని కూడా అనుకున్నాను. అయ్య సైకిలు కింద పడేశాడు. చెప్పులు విప్పి వచ్చి, దుంగలకి అవతలి చివర మోకాళ్ళమీద కూర్చుని, తాడు కొస అందుకున్నాడు.

"ఎన్ని సుట్లు?"

"మర్సిపోనావేటి?"

"మర్సిపోనేదు. నువ్వు సెప్పు."

"మూడు. కాలెట్టి లాగు. సేత్తో లాగితే ముడి నిద్రపోతాది."

అయ్య దుంగకి కాలు తన్నిపెట్టి "హైస్సా" అని లాగాడు. తాత ముడి వేశాడు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, గంజి తేవడానికి ఇంటికి పరిగెత్తింది. నేను గోరు ఊడిన వేలు నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు గానీ నొప్పి తెలియలేదు. బస్సు వచ్చింది, వెళ్ళింది. తాత తల కూడా తిప్పలేదు.

ఎనిమిదింటికి టీచరమ్మ పిల్లల్ని వరసలో తీసుకొచ్చింది. తెప్ప నీళ్ళలో పడింది. ఒక చివర అయ్య, ఒక చివర తాత, మధ్యలో ఇద్దరిద్దరు పిల్లలు, గట్టు వెంబడే నడుంలోతు నీళ్ళ దాకా. డ్యాం చౌకీదారు కర్ర ఊపుకుంటూ వచ్చి, "ఉతరో! సబ్ ఉతరో!" అని, అందరినీ దిగమని అరిచాడు. టీచరమ్మ ఆయన్ని పక్కకి పిలిచి ఏదో చెప్పింది. కాసేపటికి చూస్తే ఆయనా ఎక్కి కూర్చున్నాడు, రెండు చేతులతో దుంగని కరుచుకుని. దుంగలు ఒకదాని మీద ఒకటి ఒరిగేవి, సర్దుకునేవి. నేను మొదటి వరసలో ఎక్కాను. అయ్యే ఎత్తి కూర్చోబెట్టాడు.

పదింటికి ఒడ్డుకి లాగాం. అందరి చేతా ముడులు విప్పించాడు తాత. మొదటి దుంగ అయ్య భుజానికెత్తుకున్నాడు. ఐదూ విడివిడిగా ఎండలో వేశాం. ఇదమ్మా, ఎందుకు ఇప్పాలని మీరు అడిగినదానికి జవాబు.

తాత ఆ తరవాత చాలా ఎండాకాలాలు మరోదాలోనే ఉన్నాడు. ఏటా బడి పిల్లలు మారేవాళ్ళు, తాత మారలేదు. ఊరి బండి గురించి మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు. పోయినరోజు కూడా మంచంలోనే పోయాడు, నీళ్ళలో కాదు. అమ్మ చేతి గంజి తాగి. ఏడవాల్సిన చోట నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. మా వాళ్ళు నన్ను రాతి గుండె అన్నారు. అననీండి. నీళ్ళ మీద పోయి ఉంటే ఇప్పటికీ ఏ గట్టు మీదో నిలబడి ఎదురుచూస్తూ ఉండేదాన్ని.

పాకలు తీసేశారు. బడి షెడ్డు రేకులు ఎవరివో ఇళ్ళకు కప్పులయ్యాయి. నలభై దాటాక, ఆడవాళ్ళకి సాయంకాలం చదువు చెప్తున్నారంటే భిలాయిలోనే సుపేలాకి వెళ్ళాను. చూస్తే ఆ టీచరమ్మే, జుట్టంతా తెల్లబడి. "బయటుంటాను అన్నావు కదూ, ఇప్పుడు లోపల కూర్చో," అంది. పలక ఇచ్చి అ ఆ రాయమంది. ముందు మనుషుల పేర్లు నేర్పమన్నాను.

ఆ ఆదివారం అక్కడ ఉన్నవాళ్ళు: మా తాత ఎర్రయ్య. మా అయ్య సింహాచలం. మా అమ్మ అప్పలనరసమ్మ. చంకలో తమ్ముడు అప్పన్న. నా జతగత్తె ఫూల్‌బాయి. టీచరమ్మ రూతు. చౌకీదారు మనీరామ్. బడి పిల్లలు దాలమ్మ, సన్యాసి, ఎల్లాజీ, కాసులమ్మ, డేవిడు, గౌరి, పైడిరాజు, సుశీల. చొక్కా అంచుతో ముక్కు తుడుచుకునేవాడు ఇంకొకడు, వాడి పేరు ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు, ఎవరికైనా తెలిస్తే ఇక్కడ రాయండి. నేను, నూకాలు.